టిక్కెట్టు సరే, రాత్రి పడక ఎక్కడ?

పల్నాటి పల్లెల నుంచి ఉమ్రాకు బయలుదేరేవారు ఏటేటా పెరుగుతున్నారు. ఒకప్పుడు ఊరికి ఒక హాజీ ఉంటే గొప్ప. ఈనాడు రాజుపాలెం వంటి చోట కూడా మిర్చికి మంచి ధర పలికిన ఏడాది, గల్ఫ్‌లో ఉన్న కొడుకు నాలుగు డబ్బులు పంపిన ఏడాది, వయసు మళ్లిన దంపతులు కాబా గృహ సందర్శనకు ప్రయాణం కడుతున్నారు. ఇది అల్లాహ్ అనుగ్రహం. సంతోషించవలసిన విషయం.

అయితే ఇందులో ఒక సంగతి మమ్మల్ని కలవరపెడుతున్నది. మక్కాలో బస హరమ్‌కు ఎన్ని మీటర్లు, భోజనంలో మన అన్నం పప్పు ఉంటాయా, జియారత్‌కు బస్సు ఎవరు పెడతారు అని పదిసార్లు అడిగే మనం, దారిలో విమానం మారే చోట ఎన్ని గంటలు ఆగాలో ఒక్కసారి కూడా అడగము. ఏజెంటు 'మధ్యలో చిన్న హాల్ట్ ఉంది' అంటాడు. మనం తల ఊపుతాము. ఆ చిన్న హాల్ట్ పదకొండు గంటలని విమానాశ్రయంలో దిగిన తర్వాత తెలుస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. తెల్లవారుజామున 4 గంటలకు శంషాబాద్ నుంచి దోహా మీదుగా జిద్దా వెళ్లే టిక్కెట్టు తీసుకున్నారనుకోండి. రాజుపాలెం నుంచి శంషాబాద్ రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దూరం. అద్దంకి-నార్కెట్‌పల్లి రోడ్డు మీద బండి ఎక్కాలంటే అస్ర్ నమాజు కాగానే, నాలుగున్నరకే ఇల్లు వదలాలి. రాత్రి పదింటికి విమానాశ్రయం. అప్పటినుంచి కుర్చీలో కూర్చోవడమే. నాలుగు గంటలకు పైగా ఎగిరి దోహాలో దిగేటప్పటికి అక్కడి గడియారంలో పొద్దున ఐదూ ముప్పావు. తర్వాతి విమానం సాయంత్రం ఐదింటికి. ఏడున్నరకు జిద్దా. పాస్‌పోర్టుల తనిఖీ, సామాను, బస్సు అన్నీ అయి మక్కాలో గది చేరేసరికి అర్ధరాత్రి. మన లెక్కలో అది మూడవ రోజు తెల్లవారుజామున రెండున్నర! ఇల్లు వదిలి ముప్పై నాలుగు గంటలు. ఇంత సేపటిలో ఆ అరవై ఐదేళ్ల మనిషి నడుము నేలకు ఆనించింది లేదు.

అక్కడితో అయిందా? ఇహ్రామ్‌లో ఉన్నాము, ఇప్పుడే ఉమ్రా పూర్తి చేద్దామని బృంద నాయకుడు తొందరపెడతాడు. కాబా చుట్టూ ఏడు ప్రదక్షిణలు, ఆ పైన సఫా మర్వాల మధ్య ఏడు సార్లు. ఈ సయీ ఒక్కటే మూడు కిలోమీటర్ల పైచిలుకు నడక. జీవితమంతా ఎదురుచూసిన ఆ ఘడియలో కళ్లు మూతలు పడుతుంటే, కాళ్లు వాచి ఉంటే, ఏ దుఆ అడిగామో గుర్తులేని స్థితిలో ఆ ఆరాధన ముగిసిపోతే, దానికి బాధ్యులు ఎవరు? కొన్ని వేల రూపాయలు మిగిలాయని సంతోషించిన పిల్లలా, గంటల లెక్క దాచిన ఏజెంటా? ఇద్దరూ అని మేము అంటాము. హైదరాబాద్ నుంచి జిద్దాకు నేరుగా పోయే విమానం సుమారు ఆరు గంటల్లో చేరుస్తుంది. దాని ధర ఎక్కువ కావచ్చు. కానీ ఆ తేడాను పెద్దవాళ్ల శరీరాల నుంచి వసూలు చేస్తున్నామన్న సంగతి మరువరాదు.

కష్టపడితేనే పుణ్యం, నిద్ర గురించి ఆలోచించడం సుఖలాలస అని కొందరు వాదిస్తారు. ఈ వాదనకు దైవప్రవక్త (స) జీవితంలో ఆధారం కనిపించదు. ప్రయాణం మనిషికి నిద్రను, అన్నపానీయాలను దూరం చేసే ఒక యాతన అనీ, పని కాగానే త్వరగా ఇల్లు చేరుకోమనీ ఆయన బోధించినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. యాతనను యాతన అని ఒప్పుకున్న ధర్మం మనది. అందుకే ముసాఫిర్‌కు నాలుగు రకాతుల ఫర్జ్ రెండుగా తగ్గింది. రమజాన్ ఉపవాసం తర్వాత పాటించుకునే వెసులుబాటు లభించింది.

అంతేకాదు. మక్కా పొలిమేరలో జీతువా అనే చోటు ఉన్నది. హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) మక్కాకు వచ్చినప్పుడల్లా ఆ రాత్రి అక్కడ ఆగి, తెల్లవారి ఫజ్ర్ చేసి, స్నానమాడి, పగటి వేళ పట్టణంలో ప్రవేశించేవారు. ప్రవక్త (స) కూడా అలాగే చేశారని ఆయన చెప్పేవారు. కాబా కనుచూపు దూరంలో ఉండగా ఒక రాత్రి ఆగి విశ్రాంతి తీసుకున్న ఈ ఆదర్శం మన ఉమ్రా బృందాలకు ఎందుకు గుర్తుండదో మాకు అర్థం కాదు. ఇహ్రామ్‌లో ఉన్నవారు గదిలో నాలుగు గంటలు నిద్రపోయి లేచి ఉమ్రా చేయడానికి ఏ అభ్యంతరమూ లేదు. ఇహ్రామ్ నియమాలు పాటిస్తే చాలు.

మన పూర్వికుల ప్రయాణాల్లో ఆగడం అనేది ముందే లెక్కలో ఉండేది. హజ్ ఓడలు బొంబాయి నుంచి నడిచిన రోజుల్లో తెలుగు ప్రాంతాల యాత్రికులు రైలులో బొంబాయి చేరి, ఓడ కోసం ముసాఫిర్‌ఖానాల్లో రోజుల తరబడి ఉండేవారు. సాబూ సిద్దీఖ్ ముసాఫిర్‌ఖానా పేరు ఆ తరం వారికి బాగా తెలుసు. అక్కడ చాప ఉండేది, నీళ్లు ఉండేవి, మసాయిల్ చెప్పే మౌల్వీ ఉండేవాడు. 1995 తర్వాత ఓడ ప్రయాణం నిలిచిపోయింది. వారం పది రోజుల ప్రయాణం కొన్ని గంటలకు కుదించుకుపోయింది. ఓడతో పాటు ఆగే చోటు గురించిన ఆలోచన కూడా పోవడం శోచనీయం. విమానం వేగంగా పోతుంది కనుక అలసట ఉండదని మనం అనుకున్నాము.

జిద్దా విమానాశ్రయం కట్టినవారు అలా అనుకోలేదు. 1981లో తెరిచిన అక్కడి హజ్ టెర్మినల్ ఎడారి గుడారాలను పోలిన 210 గుడారపు పైకప్పుల కింద విస్తరించిన ఒక మహా విడిది. యాత్రికులు వచ్చేటప్పుడు 18 గంటల వరకు, తిరిగి పోయేటప్పుడు 36 గంటల వరకు ఆగవలసి రావచ్చునని లెక్కగట్టి, ఒకే వేళ 80 వేల మందికి నీడ దొరికేలా దాన్ని రూపొందించారు. ఆ నిర్మాణానికి ఇంజనీరుగా పనిచేసిన ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ ఢాకాలో పుట్టినవాడు. అమెరికాలోని చికాగో నగరపు ఆకాశహర్మ్యాలతో పేరు పొందినవాడు. 1982లో జిద్దాలోనే కన్నుమూశాడు. ఆ రోజుల్లో లోకంలో అత్యంత ఎత్తయిన భవనాన్ని నిలబెట్టిన మనిషి, ముసలి హాజీ ఎక్కడ నడుము వాలుస్తాడన్న ప్రశ్నను కూడా అంతే శ్రద్ధగా పట్టించుకున్నాడు. మన ట్రావెల్ ఏజెంటుకు అందులో వందో వంతు శ్రద్ధ ఉన్నా సరిపోతుంది.

హజ్ యాత్రికుల విషయంలో కొంత ఏర్పాటు ఉన్నది. హైదరాబాద్ నాంపల్లిలోని హజ్ హౌస్ ఎన్నో ఏళ్లు వారికి విడిదిగా ఉపయోగపడింది. 2023లో మొదటిసారిగా ఆంధ్రప్రదేశ్ హాజీలు గన్నవరం నుంచి బయలుదేరినప్పుడు కూడా వారికోసం ప్రత్యేక శిబిరం నడిచింది. ఉమ్రా యాత్రికునికి గాని, పొట్ట చేతబట్టుకుని గల్ఫ్‌కు పోయే కార్మికునికి గాని అటువంటి ఆసరా లేదు. శంషాబాద్‌లో రాత్రి ఎక్కడ ఉంటారని అడిగితే చుట్టాల ఇల్లు చెబుతారు, లేదా విమానాశ్రయం బయట గచ్చు చూపిస్తారు. మక్కాలోని నిజాం రుబాత్‌లో ఉచిత బస ఉంటుందట కదా అని కొందరు ఆశగా అడుగుతుంటారు. అది పాత హైదరాబాద్ సంస్థానపు ప్రాంతాల వారికోసం ఏర్పడినది. కృష్ణకు ఈ ఒడ్డున ఉన్న పల్నాడు ఆ లెక్కలోకి రాదు.

కాబట్టి మన ఏర్పాటు మనమే చేసుకోవాలి. అది టిక్కెట్టు కొనే రోజే మొదలు కావాలి. రెండు విమానాలూ ఒకే టిక్కెట్టు మీద ఉన్నాయా, వేర్వేరు టిక్కెట్లా అన్నది అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసిన మాట. ఒకే టిక్కెట్టు అయితే సామాను నేరుగా పోతుంది. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే మరో విమానం ఎక్కించే బాధ్యత ఆ సంస్థదే. చవక అని రెండు వేర్వేరు టిక్కెట్లు అంటగడితే, మధ్య దేశంలో బయటికి వెళ్లి సామాను తీసుకుని మళ్లీ ఇవ్వవలసి రావచ్చు. దానికి ఆ దేశపు వీసా కావాలి. రెండో విమానం తప్పితే డబ్బు పోయినట్లే. ఇంగ్లీషు, అరబీ రాని తల్లిదండ్రులను ఇటువంటి టిక్కెట్ల మీద ఒంటరిగా పంపడం అన్యాయం.

హాల్ట్ ఎనిమిది పది గంటలు దాటితే కొన్ని విమాన సంస్థలు తమ షరతులకు లోబడి హోటలు గది, భోజనం ఇస్తాయి. కానీ అడిగినవారికే ఇస్తాయి, అదీ ప్రయాణానికి ముందు అడిగితే. కౌంటరు దగ్గర ఆ రాత్రి బతిమాలితే దొరకదు. దుబాయ్, దోహా వంటి చోట్ల విమానాశ్రయం లోపలే గంటల లెక్కన గదులు అద్దెకిచ్చే హోటళ్లున్నాయి. బయటికి పోనక్కరలేదు కనుక వీసాతో పని లేదు. ధర ఎక్కువే. అయినా భార్యాభర్తలిద్దరూ ఆరు గంటలు తలుపు వేసుకుని పడుకోవడానికి అయ్యే ఖర్చు, మనం తిరిగొచ్చేటప్పుడు తెచ్చే ముసల్లాలు, తస్బీలు, ఖర్జూరాల ఖర్చుతో పోలిస్తే మరీ అంత కొండంత కాదు. బంధువులకు ఒక కిలో ఖర్జూరం తగ్గితే ఎవరూ నిష్ఠూరమాడరు. ఆడితే ఆడనివ్వండి.

మన దేశం నుంచి బయలుదేరే విమానం విషయంలో ఒక హక్కు ఉన్నదని చాలామందికి తెలియదు. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నిబంధనల ప్రకారం విమానం 24 గంటలకు మించి ఆలస్యమైనా, రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 గంటల మధ్య బయలుదేరవలసినది 6 గంటలకు మించి ఆలస్యమైనా, ప్రయాణికులకు ఉచితంగా హోటలు బస చూపవలసిన బాధ్యత విమాన సంస్థది. సంస్థ చేతిలో లేని అసాధారణ పరిస్థితులకు మినహాయింపు ఉన్నది. మన ప్రయాణాలు ఎక్కువగా రాత్రివేళలే కనుక ఈ మాట గుర్తుంచుకోవాలి. మర్యాదగానే అడగవచ్చు, కానీ అడగాలి.

తేదీ దగ్గర కూడా పొరపాట్లు జరుగుతున్నాయి. టిక్కెట్టు మీద శుక్రవారం 00:40 అని ఉంటే అది గురువారం అర్ధరాత్రి దాటిన నలభై నిమిషాలు. శుక్రవారం సాయంత్రం తీరిగ్గా బయలుదేరేవారికి విమానం వెళ్లిపోయి ఉంటుంది. రాత్రి ముందు, పగలు తర్వాత అని చంద్రుణ్ణి చూసి నెల లెక్కపెట్టే మనం, గురువారం రాత్రిని షబె జుమా అని పిలుచుకునే మనం ఇందులో తికమక పడటం వింతే.

ఇక హాల్ట్‌లో గడిపే గంటల సంగతి. ఖైబర్ నుంచి తిరిగివస్తూ రాత్రంతా నడిచి అలసిన ప్రవక్త (స), సహచరులు ఒకచోట దిగారు. ఫజ్ర్ వేళకు లేపే పనిని హజ్రత్ బిలాల్ (రజి)కి అప్పగించి పడుకున్నారు. బిలాల్ తన ఒంటెకు ఆనుకుని తూర్పు వైపు చూస్తూ కూర్చున్నారు. ఆయనకూ కన్నంటుకుంది. ఎండ తగిలాక అందరూ లేచారు. ఎవరినీ దండించలేదు. కొంచెం ముందుకు సాగి వుజూ చేసి ఆ నమాజును నెరవేర్చారు. అందరూ ఒక్కసారే నిద్రపోకుండా ఒకరికి మేలుకునే పని అప్పగించారన్నది ఇందులో మన ప్రయాణానికి పనికివచ్చే సంగతి. పెద్ద విమానాశ్రయాల్లో అనేకచోట్ల ఇప్పుడు మైకులో ప్రతి విమానాన్నీ పిలవడం మానేశారు. బోర్డు మీద గేటు నంబరు మారిపోతుంది. తెలుగు తప్ప మరొకటి రాని మనిషి నిద్రలో ఉంటే ఆయనకు చెప్పేవారెవరు? ముగ్గురు ప్రయాణిస్తే ఒకరిని నాయకునిగా ఎన్నుకోమన్న ప్రవక్త బోధ ఇటువంటప్పుడే పనికివస్తుంది. ఆ నాయకుడు వంతులు వేయాలి. ఇద్దరు పడుకుంటే ఒకరు మేలుకోవాలి. సెల్‌ఫోన్ అలారం స్థానిక సమయానికి మారిందో లేదో చూడాలి. దోహా, జిద్దా మనకన్నా రెండున్నర గంటలు వెనుక, దుబాయ్ గంటన్నర వెనుక.

ప్రయాణంలో ప్రవక్త (స) రాత్రి ఉండగానే విడిది చేస్తే కుడి పక్కకు తిరిగి పడుకునేవారు. తెల్లవారబోతున్న వేళ అయితే ముంజేయి నిలబెట్టి అరచేతిలో తల ఆనించుకునేవారు. గాఢనిద్ర పట్టకూడదని. గేటు తెరవడానికి గంట మాత్రమే ఉన్నప్పుడు దుప్పటి పరిచి పడుకునే మన సోదరులు ఈ తేడా గమనించాలి. దారికి అడ్డంగా విడిది చేయవద్దని కూడా హదీసుల్లో ఉన్నది. విమానాశ్రయంలో జనం నడిచే దారిలో చాప పరిచేవారికీ అది వర్తిస్తుంది. నమాజు గదిని పడకగదిగా మార్చడం గురించి కూడా ఒక మాట. ముసాఫిర్ మస్జిద్‌లో పడుకోవడానికి అనుమతి ఉన్నమాట నిజమే. కానీ విమానాశ్రయపు నమాజు గదులు చిన్నవి. పది మంది కాళ్లు చాపితే వెనుక వచ్చినవానికి సజ్దా చేయడానికి చోటుండదు.

నమాజుల లెక్క ఇంటి దగ్గరే వేసుకోవాలి. హనఫీ మసాయిల్ ప్రకారం సుమారు 78 కిలోమీటర్ల ప్రయాణ సంకల్పంతో ఊరి పొలిమేర దాటగానే కస్ర్ మొదలవుతుంది. అంటే శంషాబాద్ చేరేసరికే మీరు ముసాఫిర్. జుహ్ర్, అస్ర్, ఇషా రెండేసి రకాతులు. ఫజ్ర్, మగ్రిబ్ మారవు. స్థానిక ఇమామ్ వెనుక నిలబడితే పూర్తిగా నాలుగు. పైన చెప్పిన ఉదాహరణలో ఫజ్ర్ ఆకాశంలో వస్తుంది. దిగిన తర్వాత చూద్దామనుకుంటే వేసవిలో దోహాలో అప్పటికే పొద్దు పొడిచి ఉంటుంది. కనుక వుజూతోనే విమానం ఎక్కాలి.

ఉమ్రాకు పోయేవారికి హాల్ట్ మరో విధంగా కూడా ముఖ్యం. గల్ఫ్ మీదుగా జిద్దాకు పోయే విమానాలు తాయిఫ్ వైపునున్న కర్నుల్ మనాజిల్ మీఖాత్‌ను దాటుతాయి. జిద్దాలో దిగాక ఇహ్రామ్ అనుకుంటే ఆలస్యమైనట్లే. అందుచేత చాలామంది మధ్య విమానాశ్రయంలోనే స్నానం చేసి ఇహ్రామ్ కట్టుకుంటారు. గది తీసుకున్నవారికి ఇది సులువు. తీసుకోనివారు మరుగుదొడ్డి సింకు దగ్గర కాళ్లు కడుగుతూ నేలంతా తడి చేసి మాటలు పడుతున్నారు. ఇహ్రామ్ కట్టి నీయ్యతు చేసిన తర్వాత పురుషులు పడుకునేటప్పుడు ఒంటి మీద దుప్పటి కప్పుకోవచ్చు గాని తల, ముఖం కప్పరాదు. విమానాశ్రయపు చలిలో ముసుగుతన్ని పడుకునే అలవాటు ఇక్కడ చిక్కు తెస్తుంది. అక్కడి సబ్బులు, విమానంలో ఇచ్చే తడి రుమాళ్లు సువాసన పూసినవి కావచ్చు. వాసన లేని సబ్బు ముక్క ఒకటి వెంట ఉంచుకోవాలి. నేరుగా మదీనాకు ముందు పోయేవారికి ఈ తొందర లేదు. వృద్ధులను మొదట మదీనాకు పంపడం మేలని మేము చెప్పడానికి ఇది కూడా ఒక కారణం.

షుగరు, రక్తపోటు ఉన్నవారి మందులు చేతిసంచిలోనే ఉండాలి. డాక్టరు చీటీ కూడా. ఇన్సులిన్‌ను కార్గో సామానులో వేస్తే గడ్డకట్టి చెడిపోయే ప్రమాదం ఉన్నది. చక్రాల కుర్చీకి కనీసం 48 గంటల ముందు సంస్థకు తెలపాలి. దానికి సిగ్గుపడే పెద్దలున్నారు. ఆ గేట్ల మధ్య దూరం చూసిన తర్వాత సిగ్గు ఉండదు, కానీ అప్పుడు కుర్చీ దొరకదు.

బయలుదేరే ముందటి మన ఆచారం గురించి చెప్పకుండా ఉండలేము. వారం రోజుల నుంచి ఇంటింటా దావత్‌లు, పూలదండలు, దుఆలు చేయించమని అర్ధరాత్రి దాకా వచ్చిపోయేవారు. ప్రేమతో చేసేదే. కానీ ప్రయాణపు ముందు రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. అంటే పైన చెప్పిన ముప్పై నాలుగు గంటలకు ముందే ఒక రాత్రి పోయింది. కడపటి రోజు దావత్‌ను మానేసి, ఆ ఖర్చుతో శంషాబాద్ దగ్గర ఒక పూట గది తీసి ఇస్తే ఆ దంపతులు మనకోసం చేసే దుఆలో ఎక్కువ చోటు దొరుకుతుంది.

మస్జిద్ కమిటీలకు మా విన్నపం ఒకటే. ఉమ్రా ఏజెంట్లు కరపత్రాలు పంచడానికి వచ్చినప్పుడు, ఎక్కడ ఎన్ని గంటల హాల్ట్, అక్కడ బస ఉన్నదా లేదా అన్నది రసీదు మీద రాసి ఇచ్చేవారినే గడపలోకి రానివ్వండి. నరసరావుపేట, సత్తెనపల్లి, పిడుగురాళ్ల కమిటీలు కలిసి శంషాబాద్‌లోను, గన్నవరంలోను ఏడాది పొడుగునా నాలుగు గదులు అద్దెకు పెట్టుకోలేవా? దివ్య ఖుర్‌ఆన్‌లోని తౌబా సూరా జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో బాటసారిని కూడా చేర్చింది. ఇంటి దగ్గర ఆస్తి ఉన్నా దారిలో చేతిలో పైసా లేక చిక్కుకున్నవాడు అందుకు అర్హుడే. విమానం తప్పి, ఫోనులో చార్జింగు లేక, పరాయి దేశపు విమానాశ్రయంలో రెండు రోజులు నీళ్లు తాగి గడిపే కూలి కుర్రవాడు ఈ కాలపు ఇబ్నుస్సబీల్ కాక మరెవరు?

తిరుగు ప్రయాణం గురించి ఎవరూ మాట్లాడరు. వచ్చేవారిని తీసుకురావడానికి ఊరి నుంచి కారు పోతుంది. పగలంతా పొలంలోనో, సున్నం బట్టీలోనో పనిచేసిన కుర్రవాడే నడుపుతాడు. విమానం రాత్రి రెండింటికి దిగుతుంది. జమ్‌జమ్ డబ్బాలు ఎక్కించుకుని, ఫజ్ర్‌కు ఇంటికి చేరాలని ఆ చీకట్లోనే తిరుగుముఖం పడతారు. వెనుక సీట్లో హాజీలు నిద్రలో, ముందు సీట్లో డ్రైవరు నిద్రతో. సుదూర ప్రయాణం నుంచి వచ్చేవాడు రాత్రివేళ హఠాత్తుగా ఇంటి తలుపు తట్టవద్దని ప్రవక్త (స) వారించారు. ఇంటివారికి సిద్ధపడే వ్యవధి ఇవ్వమన్నారు. రాత్రి దిగినవారు తెల్లవారేదాకా శంషాబాద్‌లోనే ఆగండి. బండి నడిపే అబ్బాయికి కూడా అక్కడే ఒక మంచం ఇప్పించండి. ఫజ్ర్ చేసి, టీ తాగి బయలుదేరినా జుహ్ర్ వేళకు రాజుపాలెంలో ఉంటారు.